ఊకకు గిరాకీ వచ్చాక

గుడివాడలో పామర్రు రోడ్డు పక్కన మాకు మరమరాల బట్టీ ఉండేది. మూకుడులో కాగిన ఇసుకలో నాన్న బియ్యం పోసి తిప్పేవాడు. అమ్మ కింద కూర్చుని పొయ్యిలోకి గుప్పెడు గుప్పెడు ఊక విసిరేది. చెయ్యి ఆగితే మంట పడిపోయేది, గింజ పేలేది కాదు. అందుకే అన్నం తినే వేళకు కూడా అమ్మ చెయ్యి తనంతట తనే ఆడుతుండేది. ఊకకు మాత్రం కొదవ లేదు. రైసుమిల్లు వెనక గుట్టలుగా పడుండేది. ఎత్తుకెళ్తే చోటు ఖాళీ అవుతుందని మిల్లువాళ్లే సంతోషించేవాళ్లు.

రెండువేల సంవత్సరం దాటాక ఊకతో కరెంటు తీసే ఫ్యాక్టరీ ఒకటి వచ్చింది. దాని లారీలు మిల్లు ముందు బారులు తీరాయి. ఖాళీ గోతాలతో వెళ్లిన నాన్నను చూసి మిల్లు ఓనరు ఇబ్బంది పడ్డాడు.

"ఇక లేదయ్యా, ఊకంతా వాళ్లకే మాటిచ్చేశాం. బొగ్గు మానేసి ఊక కాలిస్తే భూమి వేడెక్కదంట. అందుకని ఫారిన్ దేశాలవాళ్లు ఆ ఫ్యాక్టరీకి డబ్బులిస్తారంట."

"మేం కాల్చేది కూడా ఊకే కదండీ!" అన్నాడు నాన్న.

ఓనరు లారీల లెక్క చూసుకోడానికి వెళ్లిపోయాడు. నాన్న మాటకు జవాబు ఇన్నేళ్లు చదివి నేనూ వెతికాను, దొరకలేదు.

ఫ్యాక్టరీ చూడ్డానికి విదేశాలవాళ్లు వస్తున్నారని తెలిసి, మిగిలిన ఊక ఆ రోజుకోసం దాచాడు నాన్న. బట్టీ చూస్తే వాళ్లే అర్థం చేసుకుంటారన్నాడు. "మన సంగతి పక్కింటోళ్లకే అర్థం కాలా, వాళ్లకవుద్దా?" అంది అమ్మ. అంటూనే మంచి చీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది.

కార్లు వచ్చాయి. నాన్న వేడి మరమరాల పొట్లం పట్టుకుని రోడ్డంచున నిలబడి చెయ్యెత్తాడు. అద్దాలు మూసుకున్న కార్లు ఆగకుండానే వెళ్లిపోయాయి. దుమ్ము అణిగేదాకా ఆయన చెయ్యి దించలేదు. నాకు ఆ కార్ల మీద రాళ్లు వేయాలనిపించింది.

ఆ తర్వాత బట్టీ వెలగలేదు. నాన్న ఆ లారీలకే ఊక ఎత్తే కూలికి కుదిరాడు. మొదటిరోజు సాయంత్రం జుట్టు నిండా, చెవుల నిండా ఊకతో ఇంటికొచ్చాడు. అమ్మ కొంగుతో దులపబోయింది.

"జాగ్రత్తే, కింద పడెయ్యమాక. అది వాళ్ల సొమ్ము," అన్నాడు.

నవ్వించడానికే అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.