అంపైర్ నిలబడే చోటు

మా మరిది పోయాడన్న కబురు మా రైల్వే కాలనీ ఉన్న ఝపటాపూర్ నుంచి అతని కొడుకే ఫోన్ చేసి చెప్పాడు.

"పెద్దమ్మా, నాన్న ఎల్పోనాడు. డాక్టరు సూసి సెప్పీసినాడు."

గొంతులో ఏడుపు లేదు. గ్యాస్ సిలిండరు వచ్చిందని చెప్పినట్టు చెప్పాడు. ఆదివారం పొద్దున్న గ్రౌండులో క్రీజుకు సున్నం గీస్తూ పడిపోయిన మనిషి ఆస్పత్రిలో మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆ గీతల మీద ఆడే జట్టు లేకుండా పోయి చాలా కాలమైంది. అయినా గీసేవాడు.

అతను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా కాలనీ క్రికెట్ జట్టుకు ఏళ్ళ తరబడి కెప్టెన్. ఊరి లీగులో అన్నిటికంటే కింది డివిజను మాది. దాని కిందికి జారితే ఇక డివిజను లేదు, లీగులోంచి పోవడమే. నేను ఆ జట్టుకు స్కోరు రాసేదాన్ని. "వదినా, మా కుర్రాల్లకి కూడిక రాదు. నువ్వు బళ్ళో లెక్కలు సెప్తావు కదా, రా," అని తీసుకెళ్ళాడు. బౌండరీ పక్కన గొడుగు వేసుకుని కూర్చునేదాన్ని.

కెప్టెన్ అంటే ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో చెప్పేవాడని చదువరులు అనుకోవచ్చు. అతని పని అంతకు ముందే, తెల్లవారకుండానే మొదలయ్యేది. సైకిలు మీద క్వార్టర్లన్నీ తిరిగి మనుషుల్ని పోగుచేయాలి. ఒకడు నైట్ డ్యూటీ దిగి ముసుగుతన్ని ఉంటాడు. ఒకడు పెళ్ళికని పలాస వెళ్ళి ఉంటాడు. వికెట్ కీపరు బెంగాలీ అబ్బాయి. ఒకసారి అతని భార్య గుమ్మంలోనే ఆపి, ఆయన బజారుకు వెళ్ళాడని చెప్పింది. గుమ్మం పక్కన అతని చెప్పులున్నాయి.

"దీదీ, చప్పల్ ఛోడ్‌కే గయా క్యా?" అన్నాడు మా మరిది, చెప్పులు వదిలేసి వెళ్ళాడా అని.

లోపల మంచం మీంచి నవ్వు వినపడింది. కీపరు బనీనుతోనే బయటికొచ్చాడు.

"ఓడిపోడానికైనా పదకొండుమంది కావాల గదా వదినా," అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. నిజంగానే చాలాసార్లు అందుకే కావలసి వచ్చేవారు.

వచ్చినవాళ్ళందరికీ ముందు బ్యాటింగే కావాలి. ఎండలో దూరంగా నిలబడమంటే మోకాళ్ళ నొప్పులు. కాలి ప్యాడ్లలో ఒకదానికి పట్టీ తెగిపోతే నా పాత చీర అంచుతో కట్టుకున్నారు. మేం వెళ్ళేసరికి ఫుట్‌బాల్ కుర్రాళ్ళు గ్రౌండు ఆక్రమించి ఉండేవారు. వాళ్ళతో వాదన, మనవాళ్ళతో బతిమాలుడు. అవన్నీ అయ్యాక ఆట. అతనికి కోపం ఎక్కువ. క్యాచ్ వదిలేసినవాణ్ణి అందరి ముందూ కడిగేసేవాడు, తర్వాత వాళ్ళింటికి వెళ్ళి టీ తాగి వచ్చేవాడు. మెచ్చుకోవడం మాత్రం చేతకాదు. ఆ జట్టులో నిజంగా బ్యాట్ పట్టడం వచ్చినవాడు అతని కొడుకొక్కడే. వాడితో కూడా "పరవాలేదు" అన్న మాట దాటలేదు.

కింది డివిజనుకు అంపైర్లను ఎవరూ పంపరు. బ్యాటింగు చేస్తున్న జట్టులోంచే ఇద్దరు నిలబడాలి. బంతి కాలికి తగిలిందని అవతలివాళ్ళు ఎంత అరిచినా సొంతవాడికి అవుటని వేలెత్తకపోవడం అందరికీ తెలిసిన మర్యాద. మావాడు ఎత్తేవాడు. అందుకే అతను అంపైరుగా నిలబడితే మా బ్యాట్స్‌మెన్‌కే గుబులు.

"దాదా, నువ్వు మా కెప్టెన్‌వా, ఆల్ల కెప్టెన్‌వా?" అని ఒకడు ఎద్దేవా చేశాడు.

"నాకు అగుపడింది ఇస్తాను. నచ్చకపోతే కాలు అడ్డెట్టకు," అన్నాడు.

ఒక సీజనులో ఆఖరి ఆట ఓడితే లీగులోంచి పోతామని అందరికీ తెలుసు. మేం రెండోసారి బ్యాటింగు. వికెట్లు వరసగా పడ్డాయి. ఆఖరి జోడీగా అతని కొడుకూ కీపరూ మిగిలారు. నాలుగు పరుగులు కావాలి. అవుటైపోయినవాళ్ళలో చాలామంది మధ్యాహ్నం షిఫ్టని వెళ్ళిపోయారు. అంపైరుగా ఉన్నవాడు కూడా టైమైపోయిందని టోపీ తీసి మా మరిది చేతిలో పెట్టాడు. నిలబడటానికి అతను తప్ప ఎవరూ లేరు.

బంతి లోపలికి వచ్చింది. కొడుకు ముందుకు కాలు వేశాడు. టప్పున చప్పుడు. బౌలరు ఊరికే వెనక్కి తిరిగి అవుటా అని అడిగాడు, గట్టిగా కూడా అరవలేదు. ఏ అంపైరూ సొంత కొడుక్కి అవుట్ ఇవ్వడని వాడికీ తెలుసు.

మా మరిది వేలెత్తాడు.

కొడుకు కదల్లేదు. "నాన్నా, బ్యాట్‌కి తగిలింది."

"ముందు బయటికి రా. ఇంటికెల్లి మాటాడుదాం."

"తగిలింది నాన్నా!"

"రా అన్నాను గదా."

ఇంటికి వెళ్ళాక మాట్లాడుకోలేదు. కాలనీలో మిగతావాళ్ళంతా మాట్లాడారు. కొడుకును బలి ఇచ్చి పెద్దమనిషి అనిపించుకున్నాడన్నారు. నిజాయితీ చూపించడానికి మన జట్టే దొరికిందా అన్నారు. జట్టు లీగులోంచి పోయింది. ఆడగలిగినవాళ్ళు వేరే జట్లలో చేరారు, మిగతావాళ్ళు ఆదివారాలు పడుకున్నారు. కొడుకు బ్యాట్ అటక మీద పెట్టేశాడు. ఒకే ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మందులు, కరెంటు బిల్లు, నీళ్ళ మోటారు, ఇవే మాటలు. నేను ఒకసారి అడిగాను, వాణ్ణి కూర్చోబెట్టి చెప్పొచ్చు కదా అని. "ఏటి సెప్పాల వదినా? అవుట్ అనిపించింది, ఇచ్చినాను. కాదని సెప్తే అబద్ధం. సారీ సెప్తే అదీ అబద్ధమే," అన్నాడు. నేనడిగిన ఆ ఆదివారం కూడా సున్నం డబ్బా పట్టుకుని ఒక్కడే వెళ్ళాడు.

శ్మశానానికి పాత జట్టువాళ్ళు వచ్చారు. కీపరు తలకు తువ్వాలు చుట్టుకుని పాడె మోశాడు. అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. పదకొండు కాలేదు.

పదోరోజు కార్యక్రమం అయ్యాక కొడుకు గుండు మీద తడి ఆరకుండానే నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నువ్వు స్కోరు రాసినావు కదా. ఆవేళ నేను అవుటేనా?"

వాడికి ఏదో ఒకటి కావాలి. అవుటంటే తండ్రి మిగులుతాడు. కాదంటే ఇన్నేళ్ళ మౌనానికి అర్థం మిగులుతుంది. రెండింటిలో ఏది చెప్పినా ఆ క్షణానికి నమ్మేవాడే.

"నేను వేలు చూసి రాశాను నాయనా, బంతిని చూసి కాదు. పక్కన కూర్చున్నవాళ్ళకి అది కనపడదు. ఎదురుగా నిలబడ్డవాడికే కనపడుతుంది."

"ఆడు పోనాడు గదా," అన్నాడు. తండ్రిని ఎప్పుడూ ఆడు అనలేదు. అన్నాక ముఖం తిప్పుకున్నాడు.

కాసేపటికి లేచి గ్రౌండుకు నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. పిచ్ మీద గడ్డి మొలిచింది. అవతలి చివర సున్నం గీత సగం దాకా తిన్నగా ఉంది, అక్కడినుంచి పక్కకు ఒరిగి ఆగిపోయింది. వాడు దాని దగ్గరకు వెళ్ళలేదు. ఇవతలి చివరకు వచ్చి, వికెట్లు పాతే చోటుకు వెనక, తండ్రి ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కొంచెం ముందుకు వంగాడు.

అవతల బ్యాట్ పట్టుకుని ఎవరూ లేరు. వాడు అటే చూస్తూ ఉన్నాడు.