చుక్క తర్వాత ఏడో అంకె

మా ఆయనకు చూసి రాయడమంటే నామోషీ. మా ఆఫీసులో తయారయ్యే ప్రోగ్రామింగ్ భాషలో 3.14తో మొదలయ్యే ‘పై’ విలువ రాసింది ఆయనే, ముప్ఫై అంకెలూ కంఠతా. పక్క బల్ల నాది. ఆయన రాసినదాన్ని పరీక్షించి తప్పులు పట్టడమే నా ఉద్యోగం.

“కంప్యూటర్ పదహారు అంకెలకు మించి చూడదు కదండీ, మిగతావి ఎవరికి?” అని దెప్పేదాన్ని.

“రేపొచ్చేదానికి. నీకెందుకే తొందర?” అనేవారు.

ఆ రేపు రానే వచ్చింది. కొత్త యంత్రం కోసం ఆ ఫైలును ఆయనే మళ్లీ రాశారు, మళ్లీ చూడకుండానే. మర్నాటి నుంచి పరీక్షలన్నీ తప్పాయి. సున్నాకు ఆనుకుని రావలసిన జవాబులు దూరంగా పోయాయి. ఆఫీసంతా తలలు పట్టుకుంది. కంపైలర్‌ను విప్పారు, చిప్పును తిట్టారు. ‘పై’ని మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఆయన రాసింది తప్పడమా! ఇక వెతకడానికేమీ మిగలక నేను చూశాను. చుక్క తర్వాత ఏడో అంకె ఆరు ఉండాలి. అయిదు ఉంది. ఆరు దాని పక్కకు పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారమే ఆయన మా చెల్లెల్ని “ఎవరండీ మీరు?” అని అడిగితే, వేళాకోళమనుకుని అందరం పడీపడీ నవ్వాం.

“ఏమండీ, ఇదోసారి చూడండి. రెండంకెలు తారుమారయ్యాయి.”

“నాకు చెప్తున్నావా? లెక్కల పుస్తకం తే.”

తెచ్చాను. వేలు పెట్టి ఒక్కో అంకే చదివారు. ఆరు మీద వేలు ఆగిపోయింది.

“పుస్తకాలు కూడా తప్పుగా అచ్చేస్తున్నారు,” అన్నారు. అందరి ముందూ ఏడ్చేశాను.

తర్వాత ఉద్యోగం మానిపించాను. ఇప్పుడు ఆయనకు నేను గుర్తులేను. ఇంట్లో తిరిగే ఎవరో ఒకావిణ్ణి. అంకెలు మాత్రం మిగిలాయి. సాయంత్రం బాల్కనీలో కూర్చుని అప్పజెబుతారు, ఆ తారుమారుతో సహా. చెప్పడం అయ్యాక బిక్కమొహంతో నా వైపు చూస్తారు.

“సరిపోయిందాండీ?”

నన్ను ‘అండీ’ అంటారు, ఖర్మ!

“సరిపోయిందండీ. ఒక్కటీ తప్పలేదు.”

చిన్నపిల్లాడిలా మురిసిపోతారు. “మా ఆవిడకు కూడా వినిపించాలండీ. రాక్షసి, తప్పు దొరక్కపోతే నిద్రపోదు.”

“అలాగే వినిపిద్దురుగాని లెండి,” అంటాను.