రబ్బరు డాక్టరు గీసిన గీత

మా బ్యాచ్‌లో అతన్ని రబ్బరు అని పిలిచేవాళ్లం. క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే విభాగంలో పీజీ చేసేవాళ్లకి సగం చదువు గీతలు గీయడమే. స్కాన్‌లో మనిషి పలుచని ముక్కలుగా కనిపిస్తాడు. ప్రతి ముక్క మీదా కణితి చుట్టూ కంప్యూటర్లో గీత గీయాలి. గీత లోపల ఉన్నది మాడిపోతుంది, బయట ఉన్నది బతుకుతుంది. మేం ఒకసారి గీసి టీకి లేస్తే, అతను గీసి చెరిపి, చెరిపి గీసి మా ప్రాణాలు తోడేసేవాడు. "అది మనిషి మెడ బాబూ, డ్రాయింగ్ పరీక్ష కాదు" అని ఏడిపించేదాన్ని.

రేడియేషన్ బయటికి రాకుండా గోడలు మందంగా ఉండాలని మా విభాగాన్ని నేలమాళిగలో కట్టారు. అక్కడికి రోగుల్ని దించేది లిఫ్టు బాబాయ్. గలగలా మాట్లాడే మనిషి. భయంతో బిగుసుకుపోయినవాళ్లని కూడా నాలుగు మాటలతో నవ్వించేవాడు. తలుపు తెరుచుకోగానే "దిగండి, పైకి తీసుకెళ్లడానికి మళ్లీ నేనే వస్తా" అనేవాడు, ఎవరు దిగినా సరే. రబ్బరుకి ఆయనంటే ప్రాణం. చేరిన కొత్తలో మొదటిసారి తన రోగి పోయిన రోజు, బాబాయ్ లిఫ్టుని రెండంతస్తుల మధ్య ఆపేసి, అతను తనివితీరా ఏడ్చేదాకా పక్కనే నిలబడ్డాడు.

అలాంటాయనకే గొంతులో కణితి వచ్చింది.

"కోసేస్తే మాట పోతుందంట కదా డాక్టర్ బాబూ. కరెంటు పెట్టండి చాలు. నోరు మూతపడితే నేనెందుకూ పనికిరాను" అన్నాడు, నవ్వుతూనే. రేడియేషన్‌ని ఆయన కరెంటనే అనేవాడు.

చెవి కింద లాలాజల గ్రంథి ఉంటుంది. దానికి రేడియేషన్ తగిలితే నోరు పిడచకట్టుకుపోయి మాట పెగలదు. బాబాయ్ స్కాన్‌లో సరిగ్గా ఆ గ్రంథి పక్కనే చిన్న బిళ్ల ఒకటి కనిపించింది. జబ్బో కాదో చెప్పలేనంత చిన్నది. రబ్బరు దాన్ని కలుపుకుని గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. చివరికి బయటే వదిలేశాడు. మా గీతలు సరిచూడటానికే పెద్ద డాక్టరు ఉండేది. ఆయన ఫోను చెవిన పెట్టుకుని వచ్చి, పైపైన చూసి, "బాగానే ఉంది, కానివ్వు" అని వెళ్లిపోయాడు. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చికిత్స పూర్తయింది. గొంతు కాస్త బొంగురుపోయినా మాట నిలిచింది. బాబాయ్ మళ్లీ లిఫ్టెక్కాడు. అందరూ రబ్బరు భుజం తట్టారు, నేను కూడా.

ఏడాది తిరక్కుండానే చెవి కింద గడ్డ తేలింది. జబ్బు తిరగబెడితే పాత గీతని కొత్త స్కాన్ మీద పెట్టి చూడటం మా పద్ధతి. రబ్బరే పెట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. గడ్డ గీతకి బయట, ఆనాటి బిళ్ల ఉన్న చోటే ఉంది. ఒకసారి కాలిన మెడకి మళ్లీ నయమయ్యేంత రేడియేషన్ ఇవ్వలేం. మెడలోని పెద్ద రక్తనాళాన్ని చుట్టేసింది, కోయడానికీ వీల్లేదు. అతను మౌస్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఈసారి చెరపడానికి ఏమీ లేదు.

"తిరగబెట్టిందని చెప్పు. అది అబద్ధం కాదుగా" అన్నాడు పెద్ద డాక్టరు. "గీతల సంగతి ఆయనకేం తెలుస్తుంది?"

"తెలీదు కాబట్టే చెప్పాలి సార్" అన్నాడు రబ్బరు.

మర్నాడు లిఫ్టులో మేం ముగ్గురమే ఉన్నాం.

"బాబాయ్, ఆ బిళ్ల అప్పుడే ఉంది. నాకు కనిపించింది. మీ నోరు ఎండిపోకూడదని దాన్ని వదిలేసి గీశాను. ఇప్పుడది పెరిగింది. ఇంక నయం చేయలేం."

బాబాయ్ అతని ముఖంలోకి చూశాడు. తిట్టినా బాగుండేదని నాకనిపించింది. తర్వాత ఆయన చెయ్యి చెవి కిందికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

లిఫ్టు నేలమాళిగలో ఆగింది. తలుపు తెరుచుకుంది, మేం దిగాం. ఎవరు దిగినా చెప్పే ఆ మాట ఆయన చెప్పలేదు. తలుపు మూసుకునేదాకా రబ్బరు అక్కడే నిలబడి దానికోసం ఎదురుచూశాడు.