ఒకే ఇంటి దగ్గు, రెండు ఎక్స్‌రేలు

చిల్లకల్లు చేరేసరికి ఉదయం ఏడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. హైవే పక్కన బడి ఆవరణలో వ్యాను ఆపాం. ఆర్మీ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీసి రిటైరయ్యా. క్షయ పరీక్షల వ్యాను మీద ఇది మొదటి పోస్టింగు. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఊరూరా తిరగాలి. డాక్టరమ్మ, రోగులకి ధైర్యం చెప్పే కౌన్సిలరు, డ్రైవరు, నేను. అంతే మా దళం.

ఎక్స్‌రే కిరణాలు తగలకుండా బరువైన సీసపు ఏప్రను వేసుకుంటే ఉడికిపోయేవాణ్ణి.

"లేహ్ మంచులో పనిచేసొచ్చారు, మా ఎండ ఒక లెక్కా సార్?" అన్నాడు డ్రైవరు.

"అక్కడైతే ఈ ఏప్రను హాయిగా ఉండేదయ్యా."

మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. సైదులు, రమణ. సెంటర్లో బజ్జీల బండి వాళ్లది. ఇద్దరికీ దగ్గు, సాయంత్రమైతే జ్వరం. ఇద్దరూ చిక్కిపోయారు. రమణ తలుపు దగ్గరికేసి నెమ్మదిగా చెప్పింది. "నాకు హెచ్ఐవి ఉందండి. ఈమధ్యే తేలింది, మందులు మొదలెట్టా. ఈయనకి లేదు, పరీక్ష చేయించాం."

ముందు సైదులుకి తీశా. కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి మచ్చ, దాని నడుమ నల్లటి గుల్ల. ఆర్మీలో చాలాసార్లు చూసిన క్షయ బొమ్మే. తర్వాత రమణకి. రెండు ఊపిరితిత్తులూ తేటగా ఉన్నాయి. మచ్చ లేదు, గుల్ల లేదు.

సైదులు ముఖం విప్పారింది. "నాకుంటే ఉందిలెండి. దీనికి లేదుగా, అది చాలు!" ఆమె చెయ్యి పట్టుకుని లేవబోయాడు.

"కూర్చో బాబూ," అంది డాక్టరమ్మ. "ఈమె కళ్లె కూడా కావాలి."

"ఎక్స్‌రే బాగుందిగా అండీ?"

"ఒంట్లో శక్తి క్షయతో గట్టిగా పోట్లాడితేనే నీలాగ గుల్ల పడుతుంది. హెచ్ఐవి వల్ల ఆ శక్తి బాగా తగ్గిపోతే గుల్ల పడకపోవచ్చు. ఒక్కోసారి నీడ కిందెక్కడో ఉంటుంది. ఒక్కోసారి గ్రంథులే వాస్తాయి. ఒక్కోసారి అసలేమీ కనపడదు. దగ్గు, జ్వరం ఉన్నాయి కదా, బొమ్మ బాగుందని వదిలెయ్యలేం."

రమణ బయట గాలి ఆడేచోట నిలబడి, కళ్లె రాక తంటాలు పడింది. "లోపల్నుంచి తల్లీ, ఇంకొక్కసారి," అంటూ కౌన్సిలరు దూరం నుంచి ధైర్యం చెప్పింది. ఇద్దరి కళ్లె నందిగామ ల్యాబుకి వెళ్లింది.

మర్నాడు ల్యాబు నుంచి కౌన్సిలరుకి ఫోను. విని నా వైపు తిరిగింది.

"ఇద్దరికీ ఉంది సార్. మామూలు మందులకి లొంగేదేనట."

"రమణకి కూడానా?"

"కూడా."

ఆమె ఎక్స్‌రే ఇంకోసారి పట్టి చూశా. అంత తేటైన బొమ్మ తీసింది నేనే మరి.

బజ్జీల బండి దగ్గరికెళ్లి చెప్పాం. రమణ కళ్లనీళ్లు పెట్టుకుంది. సైదులు ఆమె పక్కనే కూర్చున్నాడు. "ఇద్దరం కలిసే వేసుకుందామే మాత్రలు. ఎవరు మర్చిపోతే వాళ్లు ఉల్లిపాయలు తరగాలి." ఏడుస్తూనే నవ్వింది.

హెచ్ఐవి మందులూ, క్షయ మందులూ పక్కపక్కనే సాగాయి. మేం అటు వెళ్లినప్పుడల్లా రమణ కాస్త కాస్త తేరుకుంటూ కనిపించేది. "జాకెట్లన్నీ బిగువైపోయాయి డాక్టరమ్మా, కొత్తవి మీరే కుట్టించాలి!" అని ఒకరోజు గొడవ. మందుల కోర్సు అయ్యాక మళ్లీ పరీక్ష చేశాం. ఇద్దరికీ నయమైంది. ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిని నా నోరు మండిపోతుంటే అందరూ ఒకటే నవ్వులు.

కొన్నాళ్లకి, డ్యూటీ ముగించి ఇంటికి వస్తూ కంచికచర్లలో టీకి ఆగాం. ఎదురుగా బస్సు కదిలింది. దాని వెనక ఎవరో పరుగు. చూస్తే రమణ! కుచ్చిళ్లు ఎత్తిపట్టి, "ఆపండీ, ఆపండీ!" అని సెంటరంతా వినపడేలా అరుస్తోంది. బస్సెక్కేసింది. సైదులింకా వెనకాలే.

ఎన్ని ఎక్స్‌రేలు తీశానో, చాలావరకు మర్చిపోయా. కళ్లముందు నుంచి ఈ బొమ్మొక్కటి పోదు. బస్సు మెట్టు మీద రమణ, కిందికి చాచిన చెయ్యి, "రావయ్యా, త్వరగా!" అని ఒకటే కేకలు, ఒకటే నవ్వు.