పక్కన నిలబడి మాట్లాడే పిల్ల

2023లో మా యూనివర్సిటీలో మూడు విదేశీ భాషలు కలిపి నేర్పే బి.ఏ. కోర్సుకు నేను హెడ్‌ని. యూనివర్సిటీ నరసరావుపేట ఊరి బయట, మిరప చేల పక్కన ఉంటుంది. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ మూడూ మొదటి సెమిస్టర్ నుంచే మొదలవుతాయి. "పల్నాడులో ఫ్రెంచి ఎవరితో మాట్లాడతారమ్మా?" అని బస్సులో పక్కవాళ్ళు నవ్వుతుంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ నవ్వు వింటూనే ఫ్రెంచి చెబుతున్నాను. మాది గురజాల. నా నోరు మంచిది కాదని పిల్లలు చెప్పుకుంటారు, అందులో అబద్ధమేమీ లేదు.

మూడు భాషలు ఒకేసారి నేర్చుకునేవాళ్ళకు మొదటి ఏడాదంతా కలగాపులగమే. జర్మన్‌లో ఎత్తుకున్న మాట స్పానిష్‌లో తేలుతుంది. అది జలుబు లాంటిది, కొన్నాళ్ళకు దానంతటదే తగ్గిపోతుంది. తగ్గనివాళ్ళ కోసం మాకొక నియమం ఉంది. ఏడాది చివర రెండు భాషల్లో తప్పితే, మిగిలిన ఒక్క భాషతోనే డిగ్రీ పూర్తి చేసుకోవాలి. దానికొక ఫారం, కింద హెడ్ సంతకం. హెడ్ తలుచుకుంటే సంతకం ఆపి, ఒక్కసారి సప్లిమెంటరీకి పంపవచ్చు. నేనెప్పుడూ ఆపలేదు.

ఒక్క భాషతో డిగ్రీ అయితే వస్తుంది గానీ ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం రాదు. ఇంటర్‌ప్రెటర్ అంటే ఇద్దరి మధ్య నిలబడి ఒకరి మాటను ఇంకొకరి భాషలో చెప్పే మనిషి. ఆ పనికి పిలిచేవాళ్ళు ఇంగ్లీషు కాక కనీసం రెండు భాషలు అడుగుతారు. మా దగ్గర చేరే పిల్లల్లో సగం మంది ఆ పని కోసమే చేరతారు.

ఆ ఏడాది చేరిన పిల్లల్లో కెజియ ఒకతె. ఊరు రొంపిచెర్ల. తండ్రి యోబు తాపీ మేస్త్రి. సన్నగా, పొడుగ్గా ఉండేది, చివరి బెంచీలో కూర్చునేది. స్పానిష్ ఎలాగో గట్టెక్కింది. ఫ్రెంచి, జర్మన్ రెండూ పోయాయి. రాతపరీక్షలో గట్టున పడే మార్కులే గానీ, ఓరల్‌లో సున్నా. ఓరల్ అంటే ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే పరీక్ష. "నీ గురించి చెప్పు" అని మొదలుపెడతాం. పేరు, ఊరు, ఇష్టాలు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇవే. మూగపిల్ల కూడా చేతులు ఊపి అయినా చెబుతుంది. ఈ పిల్ల పేరు చెప్పి ఆగిపోయింది. నేను ఎదురుచూశాను. గడియారం చూశాను. తర్వాత తిట్టాను.

"నీ గురించి చెప్పుకోవడానికి కూడా నోరు రాకపోతే ఇంకెందుకే మూడు భాషలు?"

తల వంచుకుంది. ఫారం నింపి తండ్రిని పిలిపించాను.

యోబు పని మధ్యలో వచ్చినట్టున్నాడు, చేతులకు సున్నం అలాగే ఉంది. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. నేను నియమం అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"ఒక్క భాష ఉంచితే ఆ ఉద్యోగం రాదా మేడంగారూ?"

"రాదు."

"మరి మా పిల్లకు చేతనైన పని అదొక్కటేనండీ."

నాకు నవ్వొచ్చింది. "ఏది చేతనైంది? క్లాసులో నోరే విప్పదు."

ఆయన నావైపు వింతగా చూశాడు. "మా కెజియా? నోరు విప్పదా?" అని కూతురివైపు తిరిగాడు. "ఏందే, మేడంగారికి చెప్పలేదా నువ్వు?"

"అడగలేదు నాన్నా" అంది ఆ పిల్ల.

"సంతకం పెట్టేది మీరే. నేను కాదన్ను" అన్నాడు యోబు నాతో. "ఒక్క ఆదివారం మా ఊరు రండి. మా గుళ్ళో కూర్చొని చూడండి. తర్వాత పెట్టండి."

ఎందుకు సరేనన్నానో నాకిప్పటికీ తెలియదు. బహుశా ఆ మనిషి బతిమాలకపోవడం వల్లనేమో. ఆదివారం పొద్దున్నే రొంపిచెర్ల బస్సెక్కాను. చర్చిలో అడుగుపెట్టడం నాకదే మొదలు. చెప్పులు బయట వదిలి, ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాను. ఆ రోజు కేరళ నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఇంగ్లీషులో మాట్లాడతారని చెప్పారు. ఆయన లేచి మైకు ముందుకొచ్చాడు. ఆయనకు ఎడమపక్కన, తలమీద తెల్లచున్నీ కప్పుకుని, ఇంకో మైకు పట్టుకుని మా కెజియ నిలబడింది.

ఈ ప్రాంతంలో సభలు తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. బయటి ప్రసంగీకుడు ఒక మాట అంటాడు, పక్కనున్న మనిషి దాన్ని తెలుగులో అంటాడు. నాకు మాత్రం కొత్తే. ఆయన మెల్లగా అంటే ఈమె మెల్లగా అంది. ఆయన చెయ్యెత్తితే ఈమె చెయ్యెత్తింది. ఆయన గొంతు పెంచితే ఈమె గొంతు ఆ చర్చి పాకంతా మోగింది. మధ్యలో ఆయన ఆవేశంలో పడి, ఆగడం మరిచిపోయి, అయిదారు మాటలు ఏకబిగిన చెప్పేశాడు. ఆమె కంగారు పడలేదు. ఆయన ఆగేదాకా చూసి, ఆ అయిదారింటినీ వరసలో, ఒక్కటి కూడా జారకుండా దించేసింది. దీన్ని మేము కాన్సెక్యుటివ్ ఇంటర్‌ప్రెటింగ్ అంటాం. మూడో ఏడాదిలో, నోటుపుస్తకంలో గుర్తులు రాసుకోవడం నేర్పి, నానాతంటాలు పడి చేయిస్తాం. ఆ పిల్ల చేతిలో పెన్ను కూడా లేదు.

నా పక్కనున్న ముసలామె నా మోచెయ్యి గిల్లింది. "ఆ అయ్యగారు ఏం చెప్పాడో ఏమో గానీ, మా పిల్ల చానా బాగా చెప్పిందమ్మా."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది. తొమ్మిదో తరగతి నుంచీ చేస్తోందట ఈ పని. ఊళ్ళో ఇంగ్లీషు మీడియం పిల్ల కాబట్టి ఒకసారి నిలబెట్టారట, ఇక దిగనివ్వలేదట.

మధ్యాహ్నం వాళ్ళింట్లో గోంగూర, కోడికూరతో అన్నం తింటూ అడిగాను. "ఇంత చేసేదానివి, నా ముందు ఎందుకు బిగుసుకుపోయావు?"

"నా గురించి చెప్పమన్నారు గదా మేడం. ఏం చెప్పాలో తెలవలేదు. ఎవరైనా ఏదైనా చెబితే, అది చెబుతా."

యోబు నా కంచంలో ఇంకో ముక్క వేశాడు.

ఫారం చించేసి, సప్లిమెంటరీకి పంపుతున్నట్టు రాశాను. చేతిలో ఆరు వారాలున్నాయి. జర్మన్ మాస్టారూ నేనూ కలిసి మా పద్ధతిని తిరగేశాం. ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టడం మానేసి పక్కన నిలబెట్టాం. నేను ఫ్రెంచిలో మిరపకాయల బేరం మొదలుపెడితే, క్లాసులో ఇంకో పిల్ల తెలుగులో గీచి గీచి బేరమాడేది, కెజియ మధ్యలో ఉండేది. మొదటి వారం ఘోరం. ఫ్రెంచి మాటకు జర్మన్ వచ్చేది. నేను తిట్టేదాన్ని, ఆమె వెంటనే నా తిట్టును కూడా ఫ్రెంచిలోకి మార్చబోయేది, క్లాసంతా పడీపడీ నవ్వేది. నాలుగో వారానికి నవ్వులు తగ్గి, ఆశ మొదలైంది.

పరీక్షకు ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి ఎగ్జామినర్‌గా, హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చారు. నెమ్మదిగా, చక్కగా మాట్లాడే మనిషి. రోల్ ప్లే పెట్టాం. ఆమె ఫ్రెంచి మాత్రమే వచ్చిన హోటల్ అతిథి, నేను తెలుగు మాత్రమే వచ్చిన హోటల్ మేనేజరు. గదిలో నీళ్ళు రావడం లేదని ఫిర్యాదు. కెజియ మధ్యలో నిలబడింది.

ఎగ్జామినర్ పాత్రలోకి బాగానే దిగారు. గొంతు పెంచి, అరచేత్తో బల్ల మీద కొట్టారు. మరుక్షణం కెజియ నావైపు తిరిగి, బల్ల అదిరేలా కొట్టి, నేను ఆ చర్చిలో విన్న గొంతుతో అరిచింది.

"పొద్దుటి నుంచీ చుక్క నీళ్ళు లేవు! డబ్బులు తీసుకున్నారు గదా, సిగ్గుగా లేదా మీకు?"

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ అలా అనలేదు. నాలోని గురజాల లేచింది. "ఏంది సిగ్గు? కరెంటు పోతే మోటరు నేను తిప్పాల్నా?" అని నిజంగానే అరిచాను. ఆమె గిర్రున తిరిగి, అదంతా ఫ్రెంచిలో, అదే ఊపుతో, ఎగ్జామినర్ ముఖం మీద వదిలింది. ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

ఇంటర్‌ప్రెటర్ నటించకూడదు, స్థిమితంగా అర్థం మాత్రమే చెప్పాలి. ఇది మా పుస్తకాల్లో మొదటి పాఠం, ఆ పాఠం చెప్పాల్సిన నేనే చెప్పడం మరిచాను. అయిపోయిందనుకున్నాను. నా మూలంగా పిల్లకు ఫ్రెంచి పోతోంది.

ఎగ్జామినర్ మార్కుల కాగితం పక్కకు పెట్టి, ఫ్రెంచిలోనే అడిగారు. "ఎందుకు అరిచావు?"

ఇక్కడ తిప్పి చెప్పడానికి ఎవరి మాటా లేదు. కెజియ నావైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. పాత కథే అనుకున్నాను. గొంతు సవరించుకోవడం వినిపించింది. తర్వాత ఫ్రెంచిలో, తప్పులతో, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది.

"మీకు కోపం వచ్చింది. నేను మెల్లగా చెబితే, మీ కోపం నేను దాచుకున్నట్టు. అది దొంగతనం. నేను దొంగను కాను."

ఏడాదంతా నా దగ్గర ఫ్రెంచి నేర్చుకున్న ఆ పిల్ల, తన సొంత మాట ఫ్రెంచిలో చెప్పడం అదే మొదలు. ఎగ్జామినర్ చాలాసేపు రాశారు. వెళ్ళేటప్పుడు నాతో, "గొంతు తగ్గించడం నేర్పండి. మిగతాది పాడు చెయ్యకండి" అన్నారు.

మర్నాడు జర్మన్ ఓరల్‌కు మాస్టారు బల్ల మీది గాజుగ్లాసు ముందే తీసి పక్కన పెట్టారు. రెండూ గట్టెక్కింది. ఇప్పుడు మూడు భాషలూ ఆమెవే. గొంతు ఇంకా తగ్గలేదు, నేనూ గట్టిగా చెప్పడం లేదు.

అప్పటి నుంచి మొదటి రోజు క్లాసులో "నీ గురించి చెప్పు" అనడం మానేశాను. "మీ ఇంట్లో, మీ ఊళ్ళో నువ్వు చేసే పని ఏంటి?" అని అడుగుతాను. ఆటోలో ఎవరి బేరం ఎవరు ఆడతారు, బ్యాంకులో నాయనమ్మ తరఫున ఎవరు మాట్లాడతారు, అన్నీ చెబుతారు. అక్కడ మొదలుపెట్టి భాషలోకి తీసుకెళ్తాను. పిల్ల మూగగా ఉంటే, మనం అడిగే ప్రశ్న తప్పేమో చూసుకోవాలని నాకు నా ఉద్యోగం సగం దాటాక తెలిసింది.

నా బీరువాలో నేను సంతకం పెట్టిన పాత ఫారాలు ఏడు ఉన్నాయి. ఒకటి నకరికల్లు, ఒకటి మాచర్ల, మిగతావీ ఈ చుట్టుపక్కల ఊళ్ళే. అన్నీ గంట, రెండు గంటల ప్రయాణం. ఆ ఏడుగురిలో ఒక్కరి ఊరికీ నేను వెళ్ళలేదు.