ఆకుపచ్చ రంగేసిన బోరింగు

దసరా వచ్చిందంటే చాలు, వీరాంజనేయులుకు ఆఫీసులో మాట పడుతుంది. ఆయుధపూజ నాడు కంప్యూటరు ఆపనివ్వడు, బొట్టు పెట్టనివ్వడు. పర్చూరు పొగాకు రైతు కొడుకు నాస్తికుడయ్యాడని కనిగిరిలో చెవులు కొరుక్కుంటారు. కాలేదండీ. శనివారం శనివారం ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టేవాడే. ఆ కథేంటో తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

గుంటూరులో ఏడాదిపాటు యూనిక్స్ కంప్యూటర్ల పని నేర్చుకుని, నీళ్ళు పరీక్షించే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాడు. కనిగిరి చుట్టుపక్కల బోరింగు నీళ్ళల్లో ఫ్లోరైడు ఉంటుంది. తాగగా తాగగా పళ్ళు గారపడతాయి, ఎముకలు వంకరపోతాయి. సంస్థవాళ్ళు ఒక్కో బోరింగు నీళ్ళు పరీక్ష చేసి, మంచివైతే ఆకుపచ్చ, పనికిరానివైతే ఎరుపు రంగు వేయించేవాళ్ళు. చదువురాని ముసలమ్మకైనా రంగు తెలుస్తుంది కదా.

ఆ వివరాలు ఊరికో ఫైలు చొప్పున ఒంగోలు, కనిగిరి, దాచేపల్లి ఆఫీసుల్లోని మూడు యూనిక్స్ కంప్యూటర్లలో ఉండేవి. రంగు వేసే మనిషి ఆ ఫైళ్ళు చూసే బయల్దేరేవాడు. మూడుచోట్లా అవి అక్షరం తేడా లేకుండా ఉండేట్టు చూడటమే వీరాంజనేయులు ఉద్యోగం. రోజూ సాయంత్రం ఆరింటికి ఒంగోలు కంప్యూటరు పిలిస్తే టెలిఫోను లైను మీద మూడూ కలుసుకునేవి. ఒక ఊరి ఫైలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటే, తేదీ చూసి, చివరగా దిద్దినదాన్నే మిగతా రెండింటిలోకీ దించేవి. ఆ ప్రోగ్రాము అతను రాసిందే. మూడు ఊళ్ళూ ఒకటే మాట చెబుతాయని మురిసిపోయేవాడు. ఆ మురిపెంలోనే ఒకరోజు ల్యాబులో పనిచేసే జయరావుతో, "ఇంకా ఈ చీటీలెందుకండీ చెత్త, కంప్యూటర్లో మూడుచోట్ల ఉంటాయిగా," అని పాత పరీక్ష చీటీలన్నీ చింపించాడు.

కనిగిరి కంప్యూటరుకి ఒక జబ్బుండేది. లోపల గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ ఆ వేసవిలోనే చచ్చిపోయింది. ఆపి మళ్ళీ వేస్తే చాలు, తేదీ ఇరవై ఏళ్ళు వెనక్కి పోయేది. చేత్తో సరిచేసుకోవాలి. కొత్త బ్యాటరీ ఒంగోలు వెళ్ళినప్పుడు తెద్దాంలే అనుకున్నాడు. అలా రెండుసార్లు వెళ్ళాడు, రెండుసార్లూ మరిచి తిరిగొచ్చాడు. ఒళ్ళు మండదూ మరి!

2001 దసరాకి కంప్యూటరు ఆపి, తుడిచి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. పూజ చేసిన పనిముట్టును పండగ వెళ్ళేదాకా ముట్టకూడదని సోమవారం దాకా అలాగే ఉంచారు. సోమవారం పొద్దున జయరావు చింతగుంటపాలెం ఫలితం తెచ్చాడు. వానల్లేక ఎండిపోతే, అక్కడి బోరు ఆ వేసవిలో ఇంకా లోతుకు దించారు. పాత లోతులో మంచినీళ్ళే పడేవి.

"ఫ్లోరైడు ఒకటిన్నర దాటకూడదయ్యా, ఇది ఆరు దాటింది. ఎరుపు రాసుకో," అన్నాడు జయరావు.

వీరాంజనేయులు ఎండిన దండ తీసి, కంప్యూటరు వేసి, ఎరుపు అని రాశాడు. తేదీ దిద్దడం మరిచాడు.

పండగ సంగతి కంప్యూటరుకేం తెలుసు? ఆరింటికి మూడూ కలుసుకున్నాయి. ఆ పొద్దున రాసిన ఫైలు ఇరవై ఏళ్ళ కిందటిదిలా కనిపించింది, ఒంగోలులో ఉన్న పాత ఫైలే కొత్తదనిపించుకుంది. అది వచ్చి దీని మీద పడింది. చింతగుంటపాలెం బోరింగు మళ్ళీ ఆకుపచ్చ అయింది, మూడుచోట్లా అక్షరం తేడా లేకుండా. మర్నాడు తేదీ చూసి వీరాంజనేయులు నాలిక కరుచుకున్నాడు. తేదీ సరిచేశాడు గానీ, ముందురోజు రాసింది ఉందో లేదో తెరిచి చూడలేదు. ఆ ఒక్క పని చేసుంటే ఎంత బావుండేది.

మూడేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం చింతగుంటపాలెం నుంచి పేరమ్మ అనే ముసలావిడ ఆరేళ్ళ మనవరాలిని చంకనెత్తుకుని వచ్చింది. పిల్ల పేరు సాయిలక్ష్మి. దించితే నిలబడింది గానీ, మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి, పాదాలు ఎడంగా పోయాయి. పేరమ్మ సంచీలోంచి నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"మాది పచ్చరంగు బోరింగే బాబూ. అయినా ఒకసారి చూడండి. డాక్టరు గారు నీళ్ళవల్లేమో అన్నారు."

జయరావు పరీక్ష చేశాడు. ఆరు దాటింది. వీరాంజనేయులు ఫైలు తెరిస్తే ఆకుపచ్చ అనే ఉంది. ఈ బోరు ఇదివరకు చూసినట్టు గుర్తే అంటూ జయరావు జేబు పుస్తకం తెచ్చాడు. చీటీలు చింపించినా ఆయన ఈ పుస్తకంలో రాసుకోవడం మానలేదు. 2001 అక్టోబరు 29, చింతగుంటపాలెం, ఆరు పాయింట్ రెండు. దసరా వెళ్ళిన సోమవారం. వీరాంజనేయులుకు ఎండిన బంతిపూల దండ గుర్తొచ్చింది.

"కంప్యూటరు తప్పని చెబుదాం. ఆవిడకేం తెలుస్తుంది?" జయరావు చెవి దగ్గర గొణిగాడు.

ఆ మాట అనేయాలని వీరాంజనేయులుకూ అనిపించింది, అబద్ధమెందుకు. అంతలో పేరమ్మే అంది: "బోరు లోతు చేశాక నీళ్ళు తేడాగా ఉన్నాయని, మళ్ళీ పాతకాలంలోలాగా రెండు మైళ్ళ అవతలి చెరువు నుంచి తెచ్చుకుందామనుకున్నాం బాబూ. ఆ సంక్రాంతి ముందు మీ మనిషొచ్చి పచ్చరంగు కొత్తగా వేసిపోయాడు. ఇంక భయం లేదని మానుకున్నాం. ఈ పిల్లకి అప్పటికి మూడేళ్ళు."

"ఆ రంగు తప్పమ్మా. ఎరుపు వెయ్యాల్సింది. తప్పు నాది," అన్నాడు వీరాంజనేయులు. దండ, తేదీ, అన్నీ చెప్పాడు. ఆమెకు ఎంత అర్థమైందో తెలీదు. తిట్టినా బావుండేది.

అతను ఫైలు దిద్దాడు. ఆరింటి దాకా పేరమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఆరింటికి మూడు కంప్యూటర్లూ కలుసుకున్నాయి, ఎరుపు మూడు ఊళ్ళకూ చేరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. సాయిలక్ష్మి దాహమంది. పేరమ్మ అలవాటుకొద్దీ బల్ల మీది సీసా అందుకోబోతే, అతను గబుక్కున లాక్కుని ఆఫీసు కుండలోంచి గ్లాసుతో ముంచి ఇచ్చాడు.

"దిద్దేశారా బాబూ?" అడిగింది పేరమ్మ.

"దిద్దేశానమ్మా. మూడుచోట్లా."

"మరి దీని కాళ్ళు?" అంది.