గోళ్ళరంగు పూసిన పడాక్ పలకలు

ఆ రోజుల్లో నాకు నమ్మకం అనేది పుట్టుకతోనే రాలేదని మా అమ్మ అనేది. చేపలామె తాజా చేప అంటే మొప్పలెత్తి చూసి, పక్క బుట్టలో చేప మొప్పలు కూడా చూసి, చివరికి మూడో బుట్టలో చేప కొనేదాన్ని. మా దీవుల్లోనే గరాచర్మ బడిలో కొత్తగా టీచరు ఉద్యోగం, షాదీపూర్‌లో అద్దె ఇంట్లో కొత్త కాపురం. మా ఆయనది పూర్తిగా వేరే జాతి, ఎవరేం చెప్పినా నమ్మేస్తారు (నన్ను చేసుకోవడం కూడా ఆ లెక్కలోదే). ఇంట్లో ఇద్దరి వంతు అనుమానం నేనొక్కదాన్నే పడాల్సి వచ్చేది.

అంతలో శ్రీకాకుళం నుంచి మా అత్తయ్య మొదటిసారి ఓడెక్కి వస్తున్నారని ఫోను. దీవుల్లో పుట్టి, మాట మాటకీ హిందీ దొర్లించే పిల్ల తన కొడుకుని ఏం చూసుకుంటుందోనని ఆవిడకి పెళ్ళినాటి నుంచీ సందేహం. పైగా మోకాళ్ళ నొప్పులు. మేమేమో చాపల మీద పడుకునేవాళ్ళం. వచ్చీ రాగానే ఆవిడని నేలమీద పడుకోబెడితే, ఆ మాట ఆవిడ తిరిగి వెళ్ళేదాకా కాదు, నేను బతికున్నంతకాలం వినాలి. ఆవిడ వచ్చేలోగా మంచం చేయించి తీరాలి.

కలప దుకాణంలో మా దీవుల ఎర్రచెక్క పడాక్‌వి, చిత్రిక పట్టి నున్నగా మెరిసే పలకలు సిద్ధంగా ఉన్నాయి. మా ఆయన చెయ్యి అప్పుడే జేబులోకి వెళ్ళింది. నేను ఆపాను. ఇంత నున్నగా ఉన్నాయంటే ఏ పురుగు రంధ్రంలో లప్పం కూరారో, ఏ తెల్లచెక్కకి ఎర్రరంగు కొట్టారో ఎవరికి తెలుసు? పెళ్ళిచూపుల్లో పౌడరు రాసుకున్న మొహాన్ని నమ్ముతామా? (మా ఆయన నమ్మారు.) రంపపు మిల్లున్న చాతం వైపు వెళ్ళి, రంపం కోసినవి కోసినట్టే ఉన్న పడాక్ పలకలు ఏరి తెచ్చాను. దుమ్ముకొట్టుకుని, బరకగా, చేతికి పేళ్ళు గుచ్చుకునేలా ఉన్నాయి. దాచడానికి ఏమీ లేని మొహాలని ముచ్చటపడ్డాను.

ఇక మంచం చేసే వడ్రంగి మేస్త్రీ మీద అనుమానం. మంచి పలకలు తను ఉంచుకుని మాకు వేరేవి బిగిస్తే? అందుకని ప్రతి పలక నడిమధ్యలో నా గోళ్ళరంగుతో ఎర్రగా గుర్తు పెట్టి మరీ అప్పగించాను. కొన్నాళ్ళకి వెళ్ళి చూద్దును కదా, ఒక్క పలక మీదా నా గుర్తు లేదు. రంగు కూడా వేరు, కుంకుమలా నిగనిగలాడుతున్నాయి. ఇవి మావి కావు, మావి తెచ్చేదాకా మేకు కొట్టడానికి వీల్లేదని పని ఆపించి వచ్చాను. మేస్త్రీ అసలే మాటలు తక్కువ మనిషి, ఉలి పక్కన పెట్టి ఊరుకున్నాడు.

ఓడ వచ్చింది. మంచం రాలేదు. అత్తయ్య చాపని ఒకసారి, నన్నొకసారి చూశారు. ఏడుపు గొంతుతో జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ కళ్ళు మెరిశాయి.

"ఆడు మార్చీసే ఉంటాడే. పద, నానూ వస్తాను."

ఆ మోకాళ్ళతోనే వచ్చారు. పలకలు తట్టారు, గీరారు, వాసన చూశారు. తర్వాత మూల ఉన్న చిత్రిక పొట్టులో చెయ్యిపెట్టి కెలికి, ఒక చుట్ట తీసి విప్పారు. దాని మీద నా గోళ్ళరంగు. ఇంకోటి తీశారు. దాని మీదా అదే. బరక పలకకి చిత్రిక పడితే పైపొర పోయి లోపలి ఎరుపు బయటపడుతుందని, గుర్తు కూడా దానితోపాటే పోతుందని, బడిలో పిల్లలకి సైన్సు చెప్పే నాకు తట్టనే లేదు.

మేస్త్రీ అప్పుడు నోరు విప్పాడు. "దీదీ, లాల్ నిషాన్ చూసి నాకూ షక్, అదే అనుమానం, వచ్చింది. చేతబడి ఏదో చేయించారనుకున్నాను. అందుకే నిమ్మకాయ కోసి, ముందు అక్కడే చిత్రిక పట్టేశాను."

అత్తయ్య అక్కడే దుంగ మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నా నవ్వు ఆగలేదు. ఆవిడతో కలిసి నవ్వడం అదే మొదలు. మంచం వచ్చేదాకా ఇద్దరం పక్కపక్కనే చాపల మీద పడుకుని, చుట్టాల్లో ఎవరిని ఎంతవరకు నమ్మవచ్చో మాట్లాడుకున్నాం. ఒక్కరూ మిగల్లేదు.

తిరుగు ఓడ ఎక్కేముందు ఫోనులో వాళ్ళ చెల్లెలితో అంటున్నారు, "మా కోడల్ని ఎవుడూ మోసం చెయ్యలేడే." ఎవడూ చెయ్యబోలేదన్న సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

అత్తయ్య పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ ఏ చెక్క కొన్నా చిత్రిక పట్టనిదే కొంటాను. తట్టి, గీరి, వాసన చూసి, ఏమంటారని అడగడానికి పక్కకి తిరుగుతాను. మా ఆయన ఉంటారు. అన్నీ బాగానే ఉన్నాయంటారు. ఆవిడ ఉంటే ఒక్కటైనా బాగాలేదనేవారు కదా అనిపించి, నవ్వుకుంటూనే ఇంకోసారి తట్టి చూస్తాను.